కర్ర చప్పుడు

మాచర్లలో నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో నలభై ఏళ్ళు పనిచేశాను. చిన్న సుత్తితో ప్రతి పలకనూ కొట్టి వినడమే నా పని. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల కంటికి కనపడని పగులుంటే చప్పుడు చచ్చిపోతుంది. నా చెవిని దాటి పగిలిన పలక ఒక్కటి కూడా లారీ ఎక్కలేదు. గొప్పలు చెప్పుకుంటున్నాడు అనుకుంటే అనుకోండి, నాకేం.

అందుకే ప్రీయాంప్లిఫయర్ ఏది కొనాలో పదిమందిని అడగలేదు. పాతది గుర్రుమంటోందని, చిలకలూరిపేటలో సెట్లు బిగించే చరణ్‌ని రెండు రకాలు తెమ్మన్నాను. టేప్ డెక్ నుంచి వచ్చే సన్నటి శబ్దాన్ని అందుకుని యాంప్లిఫయర్‌కి పంపే పెట్టె అది. అక్కడ చెడితే ఎంత మంచి స్పీకర్లు పెట్టినా దండగే.

పరీక్షకు నా దగ్గర ఒకటే క్యాసెట్టు. నా భార్య ప్రేమమ్మ చర్చిలో పాడబోయే పాటను పాత ఇంట్లో సాధన చేస్తూ రికార్డు చేసుకుంది. పాట అయ్యాక కుర్చీలోంచి లేచి, కొసకు ఇనప పొన్ను ఉన్న చేతికర్ర నేలమీది నాపరాళ్ళకు ఆనిస్తూ ఏడడుగులు వేసి టేపు ఆపేస్తుంది. పాట కన్నా ఆ ఏడు చప్పుళ్ళే నాకు ముఖ్యం. ఆమె నడక ఇంకెక్కడా మిగల్లేదు.

తెల్ల టైల్స్ వేసిన ఇల్లు కావాలని ఆమెకు మహా కోరిక. "రాళ్ళ పని చేసేవాడింట్లో టైల్సేంది? ఊరు నవ్వుద్ది" అని పదేళ్ళు సాగదీశాను. చివరికి కట్టాను. ఇంట్లో చేరడానికి నెల ముందు పోయింది. ఇక్కడ ఒక్క అడుగైనా వేయలేదు. నా మొండితనాన్ని నేనింకా క్షమించుకోలేదు.

మధ్యాహ్నం మూడింటికి చరణ్ మొదటిది తగిలించాడు. చిన్న ట్రాన్సిస్టర్ పెట్టె. పాట శుభ్రంగా వచ్చింది. ఏడు చప్పుళ్ళూ అచ్చం నాపరాయి మీదవే.

"ఎట్టుంది బాబాయ్?"

"వంక పెట్టేదేం లేదు. రెండోది పెట్టు."

రెండోది వాల్వులది. గాజు బుడ్లు ఎర్రబడేదాకా ఆగాం. గొంతు కాస్త దగ్గరికి జరిగినట్టనిపించింది. పాట ముగిసింది. కుర్చీ కిర్రుమంది. కర్ర ఆనింది.

అది నాపరాయి కాదు, టైలు.

"మళ్ళీ పెట్టు" అన్నాను. మళ్ళీ టైలే. ఆరో అడుగు డొల్లగా మోగింది. ఈ ఇంట్లో వంటగది గుమ్మం దగ్గర ఒక టైలు కింద సిమెంటు సరిగ్గా పట్టలేదు. అది వేసింది ఆమె చనిపోయిన వారంలో. కొట్టి చూసి తెలుసుకున్నాను గానీ, మేస్త్రీతో చెప్పే ఓపిక లేకపోయింది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

చరణ్ మొహం చిట్లించాడు. "ఇది లేనిపోనియ్యి కలుపుతోంది బాబాయ్. మొదటిదే తీసుకోండి. ఉన్నది ఉన్నట్టు చెబుద్ది."

నిజమే. చెవులున్నవాడెవడైనా మొదటిదే కొంటాడు.

చరణ్ డెక్ ఆపి, స్పీకర్ల వైర్లు ఊడదీశాడు. అప్పుడు వినిపించింది ఎనిమిదో అడుగు.

"బాబాయ్, టేపు ఆపేశా గదా" అన్నాడు.

కర్ర హాలంతా నెమ్మదిగా తిరిగింది. పడగ్గదిలోకి వెళ్ళి వచ్చింది. వంటగది గుమ్మం దగ్గర ఆగింది. ఆ డొల్ల టైలును రెండుసార్లు కొట్టింది, నేను పలకను కొట్టి చూసినట్టే.

నాకు భయం వేసింది. అబద్ధమెందుకు.

"అదొక్కటేనే" అన్నాను. "మిగతాయన్నీ కొట్టి చూశా, చానా బాగున్నయ్. లోపలికెళ్ళి చూసుకో."

తర్వాత కర్ర గుమ్మం దాటి వంటగదిలోకి వెళ్ళింది.

వాల్వులదే ఉంచమని చరణ్‌కి చెప్పాను.