ప్రసవం కథ ఎవరిది

కొబ్బరి కోరుతూనే జిన్సీ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. "మొదలైందా దొంగల పంచాయితీ!" అంది అత్తగారు.

త్రిశూర్‌లోని ఆ ఇంట్లో జిన్సీది ఉద్యోగమని జిన్సీ తప్ప ఎవరూ అనరు. ఒక మలయాళ కథల వెబ్‌సైటులో, "నా రాత ఎత్తుకుపోయారు" అని వచ్చే ఫిర్యాదులన్నీ ఆమే చూస్తుంది. "ఇంట్లో కూర్చుని మీటలు నొక్కడమేగా, ఆ చేపలు కూడా తోమెయ్" అంటాడు భర్త బైజు. ఆమె తోమేది. తోముతూనే ఇరుపక్షాల మాటా ఓపిగ్గా వినేది. గొంతు పెంచని మనిషి. కానీ ఆమెను తొందరపెట్టి ఒక పేరు చెరిపించడం ఎవరి తరమూ కాదు.

ఆ రోజు ఫిర్యాదు భార్గవన్ మాస్టారిది. పేరున్న రచయిత. ఓమన అనే ఆవిడ తన కథల్ని సొంత పేరుతో పెట్టుకుందట. నియమం ప్రకారం జిన్సీ ముందు కథలు తీసేసి, ఓమనకు నోటీసు పంపింది.

"ఆవిడకి నోటీసెందుకు? సభల్లో తిరిగే పెద్దమనిషి, రేపు మనల్ని తిడితే?" అన్నాడు మేనేజరు నిషాద్.

"సైటు కింద ఫిర్యాదుల అధికారిగా ఉన్నది నా పేరేగా సార్. నన్నే తిట్టమనండి."

ఓమనకు ఫోన్ కూడా చేసింది, అక్కను పిలిచినట్టు చేచీ అంటూ.

"భార్గవన్ మాస్టారు మీకు తెలుసా చేచీ?"

"తెలియకేం? పక్క గదిలో పడుకున్నారు. మా ఆయనే."

జిన్సీ చేతిలోని కొబ్బరి చిప్ప కింద పెట్టేసింది.

"రాసింది నేనమ్మా. ఆడపేరుంటే ఎవరు చదువుతారని ఆయన పేరే వేసుకున్నారు. పిల్లలు, వంట, ఆయన సభలు... కాదనే ఓపిక ఎక్కడిది? ఇప్పుడు అరవై దాటాక, నా పేరు ఒక్కసారి అచ్చులో చూసుకుందామనిపించింది. తప్పా?"

తప్పు కాదని అరవాలనిపించింది జిన్సీకి. తీర్పు చెప్పే హక్కు తనకు లేదు. ఈమెకు మాత్రం జవాబు చెప్పే హక్కు ఉంది. ఆ హక్కు ఉందని ఎవరైనా చెప్పాలి కదా.

"ఇవి నావేనని సంతకం పెట్టి పంపండి చేచీ. మూడు వారాల్లో ఆయన కోర్టు ఉత్తర్వు తేకపోతే మీ కథలు తిరిగి పెట్టేస్తాను."

"కోర్టుకెళితే?"

"వెళ్తే జడ్జిగారు ఇద్దర్నీ అడుగుతారు."

ఓమన ఉన్నట్టుండి నవ్వింది. "అయితే ఆ కథల్లోని ప్రసవం కథ ఎలా రాశారో ఆయన్నే చెప్పమనండి! నాకు నొప్పులొస్తుంటే ఆయన కోజికోడ్‌లో సన్మానం చేయించుకుంటున్నారు."

సంతకం మర్నాడే వచ్చింది. తర్వాత మాస్టారి ఫోను.

"ఇది మా కుటుంబ విషయం. మధ్యలో నీకెందుకు?"

"కుటుంబ విషయమైతే మాకెందుకు ఫిర్యాదు చేశారు మాస్టారూ?"

ఆయన కోర్టుకు వెళ్లలేదు. గడువు దాటిన పొద్దున్నే జిన్సీ కథలన్నీ తిరిగి పెట్టింది, ఓమన పేరుతోనే. ఓమన ఫోన్ చేసి ఏడ్చేసింది.

సాయంత్రం బైజు హుషారుగా వచ్చాడు. "ఆదివారం లైబ్రరీ వార్షికోత్సవం. నా అధ్యక్షోపన్యాసం రాసిపెట్టు. పోయినేడాది నువ్వు రాసిందానికి చప్పట్లే చప్పట్లు."

జిన్సీ చేతులు తుడుచుకుంది.

"రాస్తాను," అంది. "ఈసారి చదివేది కూడా నేనే."