లీడరు ఫోను

"వేలు ఆడిస్తనే ఉండు సక్కుబాయక్కా. తెర ఆరిందో, సంతోషి నౌకరీ పోయినట్టే" అని మా పని మీద అజమాయిషీ చేసే జవాను రమేష్ ఫోను నా చేతిలో పెట్టాడు.

నాచారం చౌరస్తాలో ఏడుగురం చీపుర్లతో వరసగా నిలబడ్డాం. ఆరుగురం ఆడవాళ్లమే. ఆడవాళ్లు ఎక్కువున్న చోట లీడరు కూడా ఆడమనిషే ఉండాలని మూడు నెలల కిందట ఆర్డరొచ్చింది. నా పేరు రాశారు. కానీ మా హాజరు వేసే ఫోను మాత్రం రమేష్ జేబు దాటలేదు. అతని ముఖం చూస్తేనే అది తెరుచుకుంటుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఇవాళ లీడర్లు నిజంగా పని చేస్తున్నారో లేదో చూడటానికి ఉప్పల్ ఆఫీసు నుంచి పెద్ద మేడం వస్తోంది. అందుకే తన ముఖంతో ఫోను తెరిచి నాకిచ్చాడు, రోజూ నేనే హాజరు వేస్తున్నానని చెప్పమని.

సంతోషి నా పక్కనే ఉంది. పని మధ్యలో బాత్రూం వెతుక్కుంటూ పోయిందని ఈ నెల రెండుసార్లు దానికి గైరుహాజరు వేశాడు. మూడోది పడితే ఇంటికే. ఇవాళేమో అన్నోజిగూడ బస్సు దొరక్క పది నిమిషాలు ఆలస్యమైంది.

"నువ్వు నా మాట ఇను, దాని హాజరు నేనేసిన" అన్నాడు రమేష్. సరేనన్నాను. నామీద నాకే అసహ్యం వేసినా సరేనన్నాను.

మేడం ఎంతకీ రాదు. బొటనవేలు చెమటకు జారుతోంది. తెర మసకబారినప్పుడల్లా నా ప్రాణం పోయి వస్తోంది. పైకీ కిందికీ జరుపుతుంటే మా ఫోటోలు కదిలాయి. నాకు చదువు రాదు, రంగులు తెలుసు. అందరి పక్కనా పచ్చ. సంతోషి పక్కన ఎరుపు.

అప్పటికే గైరుహాజరు వేసేశాడు, దొంగ! ఒళ్లు భగ్గుమంది.

కారు ఆగింది. మేడం దిగింది. "లీడరెవరు?"

"ఈ అక్కనే మేడం. రోజూ గీమెనే ఏస్తది" అన్నాడు రమేష్.

"ఏదీ, ఒకరి హాజరు వేసి చూపించమ్మా."

సంతోషి నా కొంగు పట్టుకుంది. దానికి ఆ ఎరుపు సంగతి తెలియదు. "అక్కా, ఏలు తియ్యకు" అని గొణిగింది.

తీసేశాను. తెర మసకబారి, ఆరిపోయింది. ఫోను నా ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను. తెరుచుకోలేదు.

"మూడు నెల్ల సంది లీడర్ని నేనే మేడం. దీనికి నా మొకమే తెల్వది" అన్నాను. "గీయన మొకం సూపియ్యున్రి. తెరుసుకున్నంక సంతోషి పక్కన ఏమున్నదో సూడున్రి."

మేడం ఫోను తీసుకుని రమేష్ వైపు తిప్పింది. అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇటు చూడు."

చూడక తప్పలేదు. ఫోను టక్కున తెరుచుకుంది.

మేడం తెర మీద మా ఫోటోలు ఒక్కొక్కటే జరిపి చూసింది. తర్వాత మా వరస వైపు తిరిగి, "ఇందులో సంతోషి రాలేదని ఉంది" అంది.

"వచ్చిన మేడం" అని సంతోషి చీపురు పైకెత్తింది.