గురక మీద రెండో మాట

పరుపులాయన దబ్బనాన్ని దూదిలోకి గుచ్చి, అటువైపు మొన తేలేదాకా అరచేత్తో నెట్టాడు. భార్య దాన్ని లాగి, దారం బిగించి, మళ్లీ ఇవతలికి గుచ్చాలి. పరుపుకి చెరోపక్కా కూర్చుని కుట్టడం పెళ్లయినప్పటినుంచీ వాళ్ల పద్ధతి. మధ్యలో మాటలక్కర్లేదు. వెళ్లిన దబ్బనం తిరిగి రావాలి, అంతే. ఈమధ్య మాత్రం అది అటు వెళ్లి అక్కడే ఉండిపోతోంది.

"ఏమే, అటే ఉంచేసుకుంటావా?"

"వస్తోంది, ఆగండి," అంది ఆవిడ, కళ్లు నులుముకుంటూ.

గురకకి డాక్టరు చెప్పిన మిషను వద్దన్నానని అలిగింది కాబోలు అనుకున్నాడు.

బలమైన మెడ, కూర్చుంటే తొడలమీదికి దిగే పొట్ట, కనుబొమల్లో ఎప్పుడూ ఇంత దూది. ఊరందరికీ మెత్తగా నిద్రపట్టించే మనిషే గాని, అతని గురకకి పక్కింటివాళ్లకి కునుకుండదని వీధిలో వేళాకోళం. గురక ఫరవాలేదు. మధ్యలో అది టక్కున ఆగిపోతుంది, దాంతోపాటే ఊపిరీ. అప్పుడు భార్య చెయ్యి వచ్చి గుండెమీద తడుతుంది. అతనికి సగం మెలకువొచ్చి, ఊపిరి మళ్లీ అందుకుంటుంది.

నిద్రలో పరీక్ష చేయించిన మొదటి డాక్టరు, జబ్బు స్వల్పమేనంటూనే, ముక్కుకి మాస్కు పెట్టి గాలి పంపే మిషను వాడమన్నాడు. ఆవిడ సరేనంది. ఇతను ఇంకొకరికి చూపించుకుందామన్నాడు. గొట్టాలు పెట్టుకుని ఎవడు పడుకుంటాడని అందరితోనూ అన్నాడు గాని, అసలు సంగతి అది కాదు. పగలంతా పరుపుకి అటొకరూ ఇటొకరూ ఉండే మనుషులు. ఆవిడ చెయ్యి తనమీద పడేది ఆ కాసేపే. మిషనొస్తే ఆ చేతికి పనుండదు. అది పోతుందనే అతని భయం. ఇంత వయసొచ్చాక ఈ మాట పెళ్లానికే చెప్పలేడు, డాక్టరుకేం చెబుతాడు?

మధ్యాహ్నం కొట్టు మూసి ఇద్దరూ బయల్దేరారు. రెండో డాక్టరు ఒక పెద్దావిడ. కాగితాలన్నీ నిదానంగా చదివింది.

"పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడతారా?"

"అబ్బే, లేదండీ. పనివాణ్ణి."

డాక్టరమ్మ అతని భుజంమీదుగా వెనక్కి చూసి గొంతు తగ్గించింది. అతనూ తిరిగి చూశాడు. గోడ పక్క కుర్చీలో భార్య తల వాల్చేసి, నోరు కొంచెం తెరుచుకుని, ఒళ్లో సంచి జారిపోతున్నా తెలియకుండా నిద్రపోతోంది.

"ఆవిడ రాత్రిళ్లు పడుకోరా?"

"పడుకుంటుందండీ. నా పక్కనే."

"పడుకుంటారు సరే. నిద్రపోతారా?"

అతని చూపు ఒళ్లో ఉన్న ఆవిడ చేతిమీద పడింది. ఊపిరి ఆగీ ఆగగానే ఆ చెయ్యి వచ్చేస్తుంది. నిద్రలో ఉన్న మనిషి చెయ్యి అంత వెంటనే ఎలా వస్తుంది? ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఈ ఆలోచన రానందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

"మిషను చెప్పడం తప్పేం కాదు," అంది డాక్టరమ్మ. "కానీ మీకిప్పుడే తప్పనిసరి కాదు. బరువు తగ్గండి, వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోండి. కొన్నాళ్లాగి మళ్లీ చూద్దాం. ఊపిరి ఆగినా, ఎవరూ లేపకపోయినా దానంతటదే వస్తుంది. ముందు ఆవిణ్ణి వేరే గదిలో నిద్రపోనివ్వండి."

బస్సులో ఆవిడ అడిగింది. "ఏమన్నారు?"

"మిషను అక్కర్లేదట." అక్కడితో ఆపేస్తే చాలు. చెయ్యి ఎక్కడికీ పోదు. అతను కిటికీలోంచి కాసేపు బయటికి చూశాడు. "నిన్ను ముందుగదిలో పడుకోమన్నారు."

"మరి మీకు ఊపిరాగితే?"

"అదే వస్తుందట. నువ్వు తట్టకపోయినా వచ్చేదేనట."

ఆవిడ ఒళ్లో సంచి సర్దుకుంది. "ఎవరైనా ముందే చెప్పొచ్చుగా," అంది.

పెందరాళే తిని, కొట్లోంచి కొత్త పరుపు తెచ్చి ముందుగదిలో వేశాడు. ఆవిడ తన దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని వెళ్లింది. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూసింది. అతను దీపం తీసేలోపే నిద్రపోయింది.

గదిలోకొచ్చి పక్కకి తిరిగి పడుకున్నాడు. చెయ్యి దానంతటదే ఖాళీ చోటుకి వెళ్లింది. ఎన్నో పాత పరుపులు విప్పిన మనిషి, భుజం ఎక్కడ ఆనిందో, నడుం ఎక్కడ ఆనిందో చేత్తో తడిమి చెప్పగలడు. ఆవిడ పడుకునే వైపు భుజం పల్లం లేదు, నడుం పల్లం లేదు. అతని దిండు పక్కన మాత్రం, రాత్రిళ్లు ఆన్చి కూర్చున్న మోచెయ్యి పట్టేంత చిన్న గుంట ఒకటి లోతుగా దిగి ఉంది.