పడమటి కిటికీలో చలికాలం

నేను ఒక కిటికీ ఏసీని. ఒకప్పుడు నా మొహం మీద మెరిసే అక్షరాలలో కంపెనీ పేరు ఉండేది. ఎవరి పిల్లలో గోళ్ళతో గీకి ఊడదీశారు. అప్పటినుంచి ఎవరికి తోచిన పేరుతో వాళ్ళు పిలుస్తున్నారు. డబ్బా అన్నవాళ్ళున్నారు, ఐసుపెట్టె అన్నవాళ్ళున్నారు. నేను పట్టించుకోను. కానీ నా గొప్ప చెప్పమంటే మాత్రం ఆగను. అబద్ధాలాడతానని కాదు. నీళ్ళు గడ్డకడితే కొంచెం పొంగుతాయి చూడండి, నా నోట నిజం కూడా అలాగే కొంచెం పొంగుతుంది.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాళ్ళు అట్టముక్కలతో విసురుకుంటూ బిగించారు. దేశమంతటికీ చల్లదనం పంపే ఆ చోట చల్లటి గది ఒక్కటే ఉండేది. అందులో మనుషులు కాదు, కంప్యూటర్లుండేవి. మనుషుల కంటే యంత్రాలకే ఉక్కపోత ఎక్కువని పుట్టిన రోజే నాకు తెలిసిపోయింది.

మొదటి కొలువు ఒక కల్యాణమండపంలో, పెళ్ళికూతురి గదిలో. పేరుకే అది పెళ్ళికూతురిది. ముహూర్తం దగ్గరపడేసరికి మగపెళ్ళివారి మేనత్తలు, వాళ్ళ పిల్లలు, చివరికి వంటవాళ్ళ పెద్ద కూడా నా ముందుకు చేరేవారు. పెళ్ళికూతురు మాత్రం వరండాలో బొట్టు చెదరకుండా మొహం ఒత్తుకుంటూ నిలబడేది. రోహిణి కార్తెలో జరిగిన ఒక పెళ్ళికి నేనెంత గట్టిగా పనిచేశానంటే, పెళ్ళికొడుకు మేనమామ స్వెట్టరు వేసుకుని భోజనానికి కూర్చున్నాడు. నమ్మకపోతే మానండి.

అక్కడినుంచి ఒక ఏటీఎం గదికి మారాను. కార్డు ఉన్నవాళ్ళ కంటే లేనివాళ్ళే ఎక్కువ వచ్చేవారు. నంబరు మరచిపోయినట్టు తల గోక్కుంటూ, చెమట ఆరేదాకా మిషను ముందు నిలబడేవారు. డబ్బు తీసుకున్నవాడు మొహం ముడుచుకుని పోయేవాడు, ఊరికే నిలబడ్డవాడు నవ్వుతూ పోయేవాడు. తరువాత ఆ గది మూసేశారు. నన్ను తెచ్చి పాత సామాన్ల కొట్టులో, చక్రాల్లేని ఒక సైకిలు పక్కన పడేశారు.

ఒక మిట్టమధ్యాహ్నం ఆ కొట్టుకు స్వరూప వచ్చింది. కొంగు నెత్తి మీదికి కప్పుకుని, నా మొహం మీది దుమ్మును వేలితో తుడిచి చూసింది.

"ఇది నడుస్తదా అన్నా?"

"నడుసుడేంది చెల్లే, ఉరుకుతది. బిగించేటోడే దొరకడు. ఈ ఎండల మెకానిక్కు ఎవలకు దొరుకుతుండు? రేపు వస్త అంటడు, ఆ రేపు వానకాలంల వస్తది."

"నేనే బిగిస్త."

"నువ్వా?"

"ఏం? కుట్టుమిషన్ మొత్తం ఇప్పి మళ్ల పెట్టిన. గిది దానికంటె పెద్దది గావచ్చు, దానికంటె మొండిదైతె కాదు గదా!"

మొండితనం లేదని నన్ను ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. ట్రాలీ ఆటో ఎక్కి ఆమె వెంట వెళ్ళిపోయాను.

ఆమె తొందరకు కారణం ఉంది. వాళ్ళది గోదావరి ఒడ్డున బొగ్గుగనుల ఊరు. భర్త ఓదెలు ఉపరితల గనిలో మట్టి మోసే డంపర్ నడుపుతాడు. డంపరంటే లారీ అనుకునేరు! నిచ్చెనెక్కి సీట్లో కూర్చోవాలి. దాని చక్రం పక్కన నిలబడితే ఆరడుగుల మనిషి పొట్టివాడైపోతాడు. ఆ సీటు కోసం ఓదెలు ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. తీరా దొరికాక రాత్రి డ్యూటీ పడింది. రాత్రి పనిచేసేవాడు పగలు పడుకోవాలి కదా! ఆ ఊరి మే నెలలో పగలు నిద్రా? అక్కడ కోళ్ళు గుడ్లు పెట్టవు, ఉడికిన గుడ్లే పెడతాయి. ఇంట్లో కూలరు ఉంది గానీ దాని ముందు పడుకోవడం, అన్నం వార్చే గిన్నె మీద మొహం పెట్టి పడుకోవడం ఒకటే.

నిద్రలేని ఓదెలు ఒక రాత్రి స్టీరింగు మీదే కునుకు తీశాడు. డంపర్ ముందు చక్రం మట్టికట్ట మీదికెక్కి ఆగింది. కట్టకు అవతల లోయ. మనిషికి ఏమీ కాలేదు. కానీ షిఫ్టు ఆఫీసరు తేల్చి చెప్పాడు. శుక్రవారం రాత్రంతా తానే పక్క సీట్లో కూర్చుంటాడట. ఓదెలు కన్ను మూతపడిందా, సీటు మరొకరికి. నేను ఆ ఇంటికి చేరింది బుధవారం సాయంత్రం.

గురువారం పొద్దున ఓదెలు డ్యూటీ దిగి వచ్చేసరికి స్వరూప పడకగది పడమటి కిటికీకి ఉన్న ఇనుప చువ్వలు కోసేసి, పాత మంచం పట్టెలతో చట్రం కట్టేసింది. కరెంటు దగ్గర మాత్రం ధైర్యం చేయక, వీధి చివర ఎలక్ట్రీషియన్‌ను బతిమాలి లావు పిన్నుల ప్లగ్గుకు మెయిన్ నుంచి వేరే వైరు లాగించింది. ఇక నన్ను ఎత్తాలి. ఒక పక్క ఓదెలు, ఒక పక్క స్వరూప, వెనక ఆమె మామ గట్టయ్య.

"మామా, గట్ల గాదు, జెర మీదికి!"

"నేను బాయిల బొగ్గు టబ్బులు నూకినోన్ని బిడ్డా. నాకు చెప్తవా?"

"నాయినా, అది నా ఏలు!"

గట్టయ్య గనిలో భూమి కింద పనిచేసి రిటైరైన మనిషి. భూమి కింద దిక్కులు తెలియవు కదా, పైకి వచ్చాక ఆ లోటంతా తీర్చుకుంటున్నాడు. చెప్పులు ఏ దిక్కుకు విప్పాలో, పప్పుగిన్నె ఏ మూలన పెట్టాలో ఆయనే చెబుతాడు. నన్ను బిగించేటప్పుడు స్వరూప నా ముందు భాగం కింద ఒక ఇటుక ముక్క పెట్టింది. వీపు కొంచెం వాలితే నాలో ఊరే నీళ్ళు బయటికి పోతాయని ఆమె ఫోనులో వీడియో చూసి తెలుసుకుంది. గట్టయ్య ఉలిక్కిపడ్డాడు.

"నీళ్లు పడమటికా? నైరుతి మూలకా? ఇల్లు నిలుస్తదా బిడ్డా? నీళ్లు ఈశాన్యం దిక్కే పోవాలె."

స్వరూప వినిపించుకోలేదు. ఆమె స్నానానికి వెళ్ళగానే మామగారు గునపంతో నన్ను లేపి, ఇటుకను ముందు నుంచి తీసి వెనక పెట్టాడు. నోరుండీ చెప్పుకోలేని యంత్రాన్ని. ఏం చేయను?

స్విచ్చి వేశారు. గట్టయ్య చెంబుతో నా చుట్టూ తిరిగాడు.

"దీనికి నీళ్లు ఏడ పోయాలె?"

"పోసేదిలేదు మామా, అదే కక్కుతది."

వాళ్ళంతా కూలరుతో పెరిగినవాళ్ళు. కూలరు పెట్టినప్పుడు తలుపు తీసి ఉంచకపోతే గాలి ఆడదు. ఆ అలవాటు కొద్దీ నా ఎదురుగా తలుపు బార్లా తీశారు. నేను ఊపిరంతా కూడదీసుకుని చలి ఊదుతున్నాను, అది గుమ్మం దాటి బయటికి పోతోంది. ఓదెలు చెమటలో తడుస్తూ అటూ ఇటూ పొర్లాడు. స్వరూప మొహం చిన్నబోయింది. చివరికి విసుగ్గా వాకిట్లోకి వచ్చి చూస్తే, గడప అవతల వీధికుక్క నాలుగు కాళ్ళూ చాపుకుని పడి ఉంది. దాని పక్కన పక్కింటి మేక. మేక పక్కన దాని పిల్ల. కుక్కను అదిలించబోతే ఆమె పాదాలకు చల్లగా తగిలింది.

"ఓ మామా! మనం కుక్కకు ఏసీ పెట్టినం!"

గభాలున తలుపు మూసి, సందులో పాత చీర కుక్కింది. కిటికీ చుట్టూ ఖాళీల్లో థర్మోకోల్ ముక్కలు దూర్చింది. ఇక చూడండి నా తడాఖా! కాసేపటికి గోడ మీది క్యాలెండరు గజగజ వణికి, మే నెల కాగితం ఎగిరి డిసెంబరు బయటపడింది. ఓదెలు నిద్రలోకి జారాడు.

జారాడో లేదో, నా ముందు అంచు నుంచి నీళ్ళు ధారగా అతని మెడ మీద పడ్డాయి. ఇటుక చేసిన పని! ఓదెలు లేచి, కళ్ళు కూడా తెరవకుండా పెరట్లోకి పరుగెత్తాడు. వాన వచ్చిందనుకుని తీగ మీది బట్టలన్నీ లాక్కుని లోపలికి వచ్చి, వాటిని చంకలో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. బట్టలు ఎండకు పెళపెళలాడుతున్నాయి, మెడ మాత్రం తడిసింది. పాపం, ఏది నిజమో అతనికి అర్థం కాలేదు. ఆ పగలు ఇక నిద్రలేదు. రాత్రి కళ్ళల్లో నీళ్ళు చల్లుకుంటూ డ్యూటీ ఎలాగో గడిపాడు.

శుక్రవారం పొద్దున స్వరూప నా వీపు కింద ఇటుకను చూసింది.

"ఇటుక ఎవలు మార్చిండ్రు మామా?"

"ఇటుక మార్చలె. దిక్కు మార్చిన."

"ఇయ్యాల రాత్రి నీ కొడుకు సీటు పోతె ఏ దిక్కు ఆదుకుంటది?"

గట్టయ్య తల దించుకున్నాడు. గొంతు తగ్గించి, "సీటు పోవద్దు బిడ్డా. నైరుతిల నీళ్లు పడొద్దు. నాకు రెండూ గావాలె" అన్నాడు. ఆ ముసలాయన కళ్ళల్లో నిజంగానే భయం ఉంది, కొడుకు గురించే.

స్వరూప గునపం అందుకుంది. ఇటుకను మళ్ళీ నా ముందు భాగం కింద పెట్టింది. నా వీపు కిందున్న చిల్లికి మొక్కలకు నీళ్ళు పెట్టే గొట్టం తగిలించింది. గోడ పొడవునా మేకులు కొట్టి, ఒక్కో మేకును ముందుదాని కంటే కొంచెం దిగువగా దించుకుంటూ, గొట్టాన్ని ఇల్లు చుట్టి ఈశాన్యం మూలకు తీసుకుపోయింది. గట్టయ్య అక్కడ చెంబు పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి గొట్టం కొసన ఒక బొట్టు నిలిచి, ఊగి, టప్పున చెంబులో పడింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"వచ్చింది బిడ్డా! గంగమ్మ ఈశాన్యానికి వచ్చింది!"

"మెల్లగ మామా, ఆయన పన్నడు!"

అవును, ఓదెలు పడుకున్నాడు. ఆ రోజు నేను పనిచేసినట్టు ఏ యంత్రమూ పనిచేసి ఉండదు. గట్టయ్య గేటు దగ్గర కాపలా కూర్చున్నాడు. కూరగాయల బండివాడు అరవబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టి, వంకాయల బేరమంతా వేళ్ళతోనే నడిపాడు. సాయంత్రం ఓదెలు లేచి ఒళ్ళు విరుచుకుంటుంటే కీళ్ళన్నీ చిటికెల్లా మోగాయి.

శనివారం పొద్దున స్వరూప గేటు పట్టుకుని నిలబడింది. నా వీపు వీధివైపే కాబట్టి ఓదెలును ముందు నేనే చూశాను. హెల్మెట్ చంకలో పెట్టుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా వచ్చాడు. మంచినీళ్ళు అడిగాడు. నిదానంగా తాగాడు.

"ఏమాయెనయ్యా? చెప్పవేంది?"

"నిద్రపోయిండు."

"ఎవలు?"

"సారు!"

"సారా?"

"బండి ఎక్కినంక కొంచెంసేపు నా మొహమే చూసిండు. అటెన్క ఆయన తల ఊగుడు మొదలువెట్టింది. బెల్టు ఉన్నది గాబట్టి సరిపోయింది, లేకుంటె నా ఒళ్లనే పడుతుండె. తెల్లారినంక నేనే లేపిన, 'సార్, డ్యూటీ అయిపోయింది' అని."

గట్టయ్య చెంబు కింద పెట్టి మరీ నవ్వాడు.

"మరి సీటు?" అంది స్వరూప, నవ్వకుండా.

"సీటు నాదే. సారే సంతకం వెట్టిండు. కండ్లు నలుచుకుంట అడిగిండు, 'ఓదెలూ, పగలు ఎట్ల పంటవయ్యా?' అని. వాళ్లింట్ల కూడ ఏసీ ఉన్నదట, గది సల్లగైతనే లేదట. నిన్ను జెర వచ్చి చూడుమన్నడు."

"వస్త అని చెప్పు. ముందుగాల వాళ్ల తలుపు చూడాలె."

అప్పుడు నవ్వింది స్వరూప, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా. తరువాత లోపలికి వచ్చి నా మీట తిప్పింది. ఓదెలు దిండు మీద తల ఆనించాడు. ఆనించీ ఆనించగానే గుర్రు మొదలైంది. అది మామూలు గుర్రు కాదు. డంపర్ ఎత్తు ఎక్కుతున్నట్టు, దిగుతున్నట్టు, మళ్ళీ ఎక్కుతున్నట్టు. నా కంప్రెసర్ ఎంత గొంతు చించుకున్నా ఆ మోత కిందే ఉండిపోయింది. ఓడిపోయి ఇంత సంతోషించిన యంత్రం ఈ భూమ్మీద మరొకటుంటే తెచ్చి చూపించండి.