మూడో చోట

గున్నమ్మ టీ గ్లాసుని హైమ అత్తగారు కన్యకాపరమేశ్వరి ఆ ఉదయం మూడోసారి తీసుకెళ్ళి పెరటి గోడ మీద పెట్టింది. హైమ మూడోసారీ తెచ్చి, పన్నెండేళ్ళుగా అది ఉండే వంటింటి కిటికీలోనే బోర్లించింది.

"ఏటే, సెప్తే అర్థం కాదా నీకు? పోయిన జవాన్లని తిట్టిన నోరది. ఆ ఎంగిలి నా కిటికీలోకి రాకూడదు."

"తిట్టింది గున్నమ్మ కాదత్తయ్యా."

"ఊరంతా అదేనంటన్నాది. ఊరి కంటే నీకెక్కువ తెలుసా?"

ఊరంతా అలా అనడానికి మొదలు ఎవరో అత్తాకోడళ్ళిద్దరికీ తెలుసు. పోలింగుకి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ఫోను తెరిస్తే చాలు, దేశభక్తులెవరో ద్రోహులెవరో తేల్చే వీడియోలు. ఒకదాన్లో ఆకుపచ్చ చీర కట్టుకున్న ముసలిది గుంపు మధ్య నిలబడి, సరిహద్దులో చచ్చిపోయిన జవాన్లని నోటికొచ్చినట్టు తిడుతుంది. హైమ భర్త ప్రమోద్ దాన్ని ఆమదాలవలస ధాన్యం వర్తకుల గ్రూపులో పెట్టి, కింద "మా గోనెల గున్నమ్మలా లేదూ?" అని రాసి, పక్కన నవ్వే బొమ్మలు నాలుగు పెట్టాడు. ఆ గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి పోయేసరికి నవ్వే బొమ్మలు రాలిపోయాయి. మర్నాటికి "లా లేదూ" కూడా రాలిపోయింది. గున్నమ్మ మిగిలింది. మూడో రోజు ఇద్దరు బేరగాళ్ళు ఫోన్ చేసి, ఆ మనిషి కుట్టిన గోనెల్లో సరుకు మాకొద్దన్నారు.

గున్నమ్మకి మొగుడు లేడు, పిల్లల్లేరు. వీళ్ళ ధాన్యం కొట్టు వెనక అరుగు మీద కూర్చుని చిరిగిన గోనెలు కుట్టడమే ఆమె బతుకు. ఈ అరుగు పోతే ఊళ్ళో ఇంకెవరూ తమ అరుగు ఎక్కనివ్వరు.

హైమ టీ పట్టుకుని వెళ్ళేసరికి బస్తాలు మోసే గంగులు అరుగు ముందు నిలబడి సెల్యూట్ కొడుతున్నాడు. "ఏటే గున్నమ్మా, మొత్తం దేశాన్నే కుట్టేద్దామనుకున్నావా?" లారీ దగ్గరున్న వాళ్ళంతా విరగబడి నవ్వారు. గున్నమ్మ దబ్బనంలోకి పురికొస ఎక్కించబోతోంది. అది ఎక్కడం లేదు.

"కోడలమ్మా, ఆ బొమ్మ నాకోసారి సూపించవా?"

హైమ చూపించింది. గున్నమ్మ ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూసింది.

"సీర నాదిలాగే ఉన్నాదమ్మా," అంది నెమ్మదిగా. "ఇందరు సెప్తన్నారు. నానేనేటమ్మా అది? మతిలేక ఎప్పుడైనా ఎల్లి తిట్టేసినానా?"

హైమ గ్లాసు అక్కడ పెట్టి లోపలికి వచ్చి, వీడియోని ఆపి ఆపి చూసింది.

అలా చూడడం ఆమెకి నేర్పింది మామగారే. పెళ్ళయి వచ్చిన కొత్తలో వెంకటరావు ఆమెని ధాన్యం బస్తాల దగ్గరికి పిలిచి, గింజలు తీసే ఇనప గొట్టం చేతికిచ్చాడు. "పైన మంచి గింజలే పోస్తాడమ్మా ఎవడైనా. పైన గుచ్చు, నడుమ గుచ్చు, అడుగున గుచ్చు. మూడు చోట్లా ఒకేలా ఉంటేనే నమ్ము. అమ్మేవాడు మన అన్నయ్యైనా సరే." ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో పుచ్చు సరుకు ఒక్క బస్తా కూడా ఆయన గుమ్మం దాటి లోపలికి రాలేదు.

మధ్యాహ్నం భోజనాలకి అందరూ కూర్చున్నాక, హైమ వడ్డించడం ఆపి ఫోను మామగారి కంచం పక్కన పెట్టింది.

"మావయ్యగారూ, ఈ కొట్టు బోర్డు చూడండి. ఒడియా అక్షరాలు. గున్నమ్మ పాతపట్నం దాటి ఒడిశా వైపు ఎప్పుడైనా వెళ్ళిందా?"

"బోర్డులు మన పక్కా ఉంటాయిలే," అన్నాడు ప్రమోద్, పప్పు కలుపుకుంటూ.

"అయితే చెయ్యి చూడండి. అయిదు వేళ్ళూ చాచి తిడుతోంది. చూపుడువేలికి దబ్బనం దిగినప్పట్నించీ గున్నమ్మ ఆ వేలు చాపలేదు. మీ అందరికీ తెలుసు."

హైమ కూతురు, పదమూడేళ్ళ హర్షిత తన వేలు వంచి చూసుకుంది. "అవును తాతయ్యా. నాకు జామకాయ కూడా రెండు చేతుల్తో పట్టుకునిస్తాది."

వెంకటరావు ఎడం చేత్తో ఫోను తీసుకున్నాడు. కళ్ళజోడు పైకి జరిపి, సరుకు చూసినట్టే చూశాడు. "రెండు చోట్ల గుచ్చినావు. మూడో చోట నేను గుచ్చుతాను. రోడ్డు తడిగా ఉంది, వెనక గొడుగులున్నాయి. ఆ జవాన్లు పోయిన దగ్గర్నించి మన ఊళ్ళో చినుకు పడలేదు." ఫోను కింద పెట్టేశాడు. "గున్నమ్మ కాదు. నువ్వు సెప్పిందే నిజం."

ప్రమోద్ తలెత్తలేదు. హైమ ఫోను మళ్ళీ మామగారి వైపు జరిపింది.

"అయితే ఆ ముక్క గ్రూపులో రాసేయండి మావయ్యగారూ. మీ మాటకి ఊళ్ళో తిరుగు లేదు."

"అందుకే రాయను."

కన్యకాపరమేశ్వరి మొగుడి కంచంలో నెయ్యి వేసింది. ఆయన వద్దనే దాకా వేసింది.

"నా కొడుకు పెట్టింది అబద్ధమని నేనే రాస్తే, రేపు వాడు వేసిన తూకమూ అబద్ధమే అంటారు. గున్నమ్మ పేరు పోయింది, మనం తిరిగి తేలేం. మన పేరు ఇంకా పోలేదు. బుర్ర పెట్టి ఆలోచించమ్మా. ఆలోచన నీకు బాగా వచ్చు కదా."

"ఆవిడ ఎలా బతుకుతుంది మావయ్యగారూ?"

ఆయన పప్పన్నం తిన్నాడు, పులుసన్నం తిన్నాడు. మజ్జిగ పోసుకున్నాక అందరి వైపూ ఒకసారి చూసి, గొంతు పెంచకుండా చెప్పాడు.

"రేపట్నించి గున్నమ్మ రాదు. ఆ మాట హైమే సెప్తాది, దానికి హైమ మీద నమ్మకం. కొత్త మనిషి దొరికేదాకా గోనెలు కూడా హైమే కుడతాది. వెనక అరుగు మీద కాదు, ముందు వసారాలో. కుట్టేది ఎవరో బేరగాళ్ళకి కనపడాలి."