రెండు పోగులు ఎక్కువ

1955 మే 12, గురువారం. పొద్దున్నుంచి వడగాలి. మధ్యాహ్నం నాలుగు చినుకులు రాలి, మట్టివాసనైనా రాకముందే ఆరిపోయాయి. బద్వేలు సాలెవీధిలో దేవేంద్రప్ప గుంటమగ్గం దగ్గర, నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని నేస్తున్నాడు. (ఇప్పటివాళ్లకు గుంట అంటే చెత్త వేసేదే.) పక్కన చాపమీద ఆరేళ్ల కూతురు తిరుపతమ్మ. నెలనుంచి పాలిపోయింది, ఒళ్లంతా కమిలిన మచ్చలు, చిగుళ్లలో రక్తం. కడప ఆసుపత్రిలో తెల్లకణాలు మితిమీరాయనీ, మందు లేదనీ చెప్పి పంపేశారు.

దేవేంద్రప్ప తల్లి భీమమ్మ వీధిలో అందరి రక్తమూ చూసేది. చుక్కను తెల్లగుడ్డకు అద్ది ఎండకు పడితే అందులో ఆమెకు సన్నటి నూలుచుట్టల్లాంటి చిలపలు కనిపించేవి. ఎవరి రక్తంలోనైనా చిలపకు నలభైఆరు పోగులు. బాలింతలు బిడ్డల్ని చూపించుకుని, చేటలో గుప్పెడు జొన్నలు పోసి పోయేవాళ్లు.

మనవరాలి చుక్కను మూడుసార్లు లెక్కపెట్టింది.

"కొన్నిట్లో నలభైఎనిమిది ఉండాయిరా. రెండు ఎక్కువ. అవే పిల్లలు పెడతాండాయి."

"తీసెయ్యమ్మా!"

పరామర్శకు వచ్చిన మిషన్ బడి అయ్యవారు గాబ్రియేలు అడ్డుపడ్డాడు. "ఆగమ్మా. మనిషి కణంలో పోగులు నలభైఎనిమిదని సైన్సు పుస్తకంలోనే ఉండాది. తక్కువుండేటివే చెడ్డవేమో." (అప్పటికి పుస్తకాల్లో అదే లెక్క.)

"అట్లయితే వీధివీధంతా రెండు తక్కువోళ్లమేనా, అయ్యవారూ?" అంది భీమమ్మ. అన్నదేగాని, ఆమెకు చదువు రాదు. అచ్చులో ఉన్న మాటంటే భయం. కొడుక్కీ అంతే. నేతవాళ్లు లెక్క తేలనిదే పడుగులో పోగు తెంపరు, మగ్గం ఆపి కూర్చుంటారు. అలాగే కూర్చున్నారు, ఎనిమిది రోజులు.

తొమ్మిదోరోజు తిరుపతమ్మ కళ్లు తెరవలేదు. దేవేంద్రప్ప పరుగున పోయి, అయ్యవారి వేలినే సూదితో పొడిచి, గుడ్డకు అద్ది తెచ్చాడు.

భీమమ్మ లెక్కపెట్టింది. "నలభైఆరే. ఆయప్పకూ తక్కువేరా! పుస్తకమే తప్పు."

ఆమె పిల్ల వేలికి గాటు పెట్టి, గోటికొసతో పోగులు లాగడం మొదలుపెట్టింది. లాగిన పోగును పారేస్తే తిరిగి పిల్ల రక్తంలోకే ఎక్కుతుంది, ఇంకొకరి రక్తంలో ముడెయ్యాలి. దేవేంద్రప్ప చెయ్యి చాచాడు.

"నాకు ముడెయ్యి."

"నీ చేతుల మింద నలుగురు బతకాల. తియ్యి పక్కకు!" అని కసిరి, ఆమె తన వేలినే కోసుకుంది.

మూడు రోజులు లాగింది. నాలుగోనాడు తిరుపతమ్మ రొట్టె అడిగింది. ఆషాఢంలో భీమమ్మ చిగుళ్లనుంచి రక్తం ఆగక చనిపోయింది.

ఆమె మగ్గం కొడుకు దేవేంద్రప్పకూ, పట్టుచీరలు రెండూ కూతురు రామసుబ్బమ్మకూ వచ్చాయి. ఆ చూపు ఎవరికీ రాలేదు. ఒక్క పోగైనా మిగిలిందో లేదో చెప్పేవాళ్లు లేక, దేవేంద్రప్ప ఏళ్లతరబడి రోజూ పొద్దున్నే తిరుపతమ్మ పెదవి ఎత్తి చిగుళ్లు చూసుకునేవాడు. తిరుపతమ్మకు జేజి భీమమ్మ నుంచి ఏమీ రాలేదు.