వీధి గుమ్మాన పిలుపు

సత్తిరాజు తప్పేం లేదు. ఆటోకి మైకు కట్టుకుని ఊరంతా తిరుగుతూ అన్నీ సరిగ్గానే చెప్పాడు. "స్త్రీల చరిత్ర వర్క్‌షాపు, ఆదివారం ఉదయం పది గంటలకి, హైస్కూల్లో, అందరూ ఆహ్వానితులే" అన్నాడు. కాకపోతే ఆ మైకు తణుకు చక్కెర మిల్లు సైరనుకి వేలువిడిచిన మేనమామ. దానికి కాలవ గట్టు మీది గాలి తోడైంది. ఊళ్ళో ఆడవాళ్ళ చెవులకి చేరేసరికి అది "స్త్రీల చీరల వర్కు షాపు" అయి కూర్చుంది. అద్దాలూ పూసలూ కుట్టిన వర్కు చీరలు ఆ ఏడాదే, అంటే తొంభై తొమ్మిదిలో, మా వైపు కొట్లలోకి దిగాయి. అందువల్ల పది కాకుండానే తొంభై మంది దిగారు, చంకలో పర్సులతో సహా.

నా సభలకి పదిహేను మంది దాటి వస్తే పండగ. అందులో ఇద్దరు కుర్చీలు తిరిగి తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు. అలాంటిది ఒకేసారి తొంభై మందిని చూసి నాకు మైకు లేకుండానే మైకం కమ్మింది.

మహిళా మండలి అధ్యక్షురాలు ప్రసన్నకుమారి నా చెవిలో అసలు సంగతి ఊదింది. చీర కోసం వచ్చినవాళ్ళకి చరిత్ర చూపిస్తే చిర్రెత్తుకొస్తుంది కదా, ఇప్పుడే చెప్పేద్దామా అన్నాను. ఇప్పుడు చెబితే లేచిపోతారనీ, ముందు ఊళ్ళో పెద్దావిడ అచ్చాయమ్మగారి సంగతి విననిచ్చి తర్వాత చెబుదామనీ అంది. సరేనన్నాను. అబద్ధం చెప్పలేదు, నిజాన్ని కాస్త ఆలస్యం చేశాను. చరిత్ర చెప్పేవాళ్ళం చేసేది ఎప్పుడూ అదే.

నా పేరు హైమ. తణుకులో జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. కాకినాడలో ఉన్న మా స్నేహితురాళ్ళు నలుగురూ నేనూ కలిసి, ఆదివారాలు ఊళ్ళకి వెళ్ళి ఆడవాళ్ళ చరిత్ర చెప్పే పని పెట్టుకున్నాం. మాకొక నియమం ఉంది. సగం సేపే మేం మాట్లాడాలి. మిగతా సగం ఆ ఊరి ఆడమనిషి ఒకరు, తను చేసిన పని గురించి తన నోటితో చెప్పాలి. అది లేకపోతే సభ లేనట్టే.

ఆదివారాలే ఎందుకంటే, మిగతా ఆరు రోజులూ కాలేజీ నన్ను మోస్తుంది, ఆదివారాన్ని నేనే మోసుకోవాలి. మా ఆయన విశ్వనాథ్‌గారు పోయి రెండేళ్ళయింది. ఆయనకి నా శ్లేషలు రెండు నిమిషాలు ఆలస్యంగా అర్థమయ్యేవి. నేను ముందు గదిలో ఒక మాట విసిరి మరిచిపోయాక, వంటింట్లోంచి నవ్వు వినపడేది. ఇప్పుడూ ఇంట్లో ఏదో ఒకటి పైకే అంటాను. అలవాటుకొద్దీ రెండు నిమిషాలు ఆగుతాను. ఫ్రిజ్ మూలుగుతుంది.

ఆ రోజు నేను పెనుగొండ దాటి ఆ ఊరికి వెళ్ళింది అచ్చాయమ్మగారి మాట కోసం. నా దగ్గర చదువుకునే శృతి వాళ్ళ అమ్మమ్మది ఆ ఊరే. ఆ అమ్మమ్మ చెప్పిన కథ ఇది. ఏభై ఏళ్ళ కిందట ఊరికి ఒక్కటే రేవు. పడవలు ఆగేది అక్కడే, గేదెల్ని కడిగేది అక్కడే, మగవాళ్ళు పొద్దెక్కేదాకా పందుంపుల్లలు నములుతూ లోకాన్ని నమిలేది అక్కడే. ఆడవాళ్ళు తెల్లవారకముందే వెళ్ళి స్నానాలు, బట్టలు, నీళ్ళు అన్నీ కానిచ్చుకుని వచ్చేయాలి. ఆ చీకట్లో కాలు జారి ఒక చూలాలు కాలవలో పోయింది.

అప్పటికి అచ్చాయమ్మగారికి ఇరవై ఆరేళ్ళు, భర్త పోయి నాలుగేళ్ళు. పొద్దున్నే ఆవిడ ఎదురొస్తే అశుభమని తలుపులేసుకునే ఊరది. అందుకని ఇంటింటి పెరటి గుమ్మానికీ వెళ్ళి, ఆడవాళ్ళ చేత వేలిముద్రలు వేయించింది. ఆ కాగితం పట్టుకుని పడవెక్కి కాలవల ఆఫీసుకి పదకొండుసార్లు తిరిగింది. చివరికి ఆడవాళ్ళకి వేరే రేవు వచ్చింది. రాతి మెట్లు, చుట్టూ గోడ. గోడ మీద పేరు మాత్రం అప్పటి ఊరిపెద్దది.

ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆ మెట్లు దిగుతారు. ఎవరు కట్టించారంటే గోడ మీది పేరు చదువుతారు. అచ్చాయమ్మగారికి డెబ్బై నాలుగేళ్ళు. ఆ సంగతి ఆవిడ నోటితో చెప్పకుండా పోతే, ఇక ఎప్పటికీ గోడదే మాట.

మొదటి వరుసలో ఆవిడ కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. ఏరీ అని అడిగాను. ప్రసన్నకుమారి కొంగు వేలికి చుట్టుకుంది. మండలి వాళ్ళు నలుగురూ రెండ్రోజులు కష్టపడి నూట ఇరవై గడపలు ఎక్కి దిగి అందర్నీ బొట్టు పెట్టి పిలిచారట. ఆవిడ గడప మాత్రం ఎక్కలేదట.

"ఎలా పిలుస్తామండీ? బొట్టు పెట్టకుండా పిలిస్తే చిన్నబుచ్చుకుంటారు. పెట్టబోతే ఇంకా బాధపడతారు. ఆవిడ మనసు కష్టపెట్టడం ఎందుకని వదిలేశాం. మైకులో విని వస్తారనుకున్నాం."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆ పిల్ల మంచితనంతోనే చేసింది. మా వీధిలోనూ మంచివాళ్ళే ఉన్నారు. శ్రావణమాసంలో కుంకుమ భరిణె పట్టుకుని పక్కింటి దాకా వస్తారు. నా గేటు ముందు నడక కాస్త పెంచి అవతలింటికి వెళతారు. నేను నుదుటి స్టిక్కరు తియ్యలేదు, వాళ్ళు నా గేటు తియ్యలేదు. నా మనసు కష్టపెట్టకూడదనే అయి ఉంటుంది.

నేనే వెళ్ళి తీసుకొస్తానన్నాను. ప్రసన్నకుమారి లోపలికి వెళ్ళి, జనానికి మజ్జిగ ఇప్పిస్తూ "వచ్చేస్తున్నాయి, వచ్చేస్తున్నాయి" అని చెప్పడం మొదలుపెట్టింది.

దారంతా తెలివిగా ఆలోచించాను. ఆవిడ ఊరినంతా పెరటి గుమ్మాన పిలిచింది కదా, నేనూ అలాగే పిలిస్తే ఎంత గౌరవంగా ఉంటుంది! సందులోంచి వెళ్ళి, అరటి మొక్కలు తప్పించుకుని, పెరటి గుమ్మంలో నిలబడి అచ్చాయమ్మగారూ అన్నాను.

లోపల ఆవిడ నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. ఇస్త్రీ మడతలు విప్పని తెల్ల చీర, కాళ్ళకి చెప్పులు. చూపు వీధి గుమ్మం మీదే ఉంది. ఆ తలుపు బార్లా తీసి ఉంది. గడప కడిగి ఉంది, బయట ముగ్గు ఇంకా చెదరలేదు. పొద్దుట్నుంచి ఎవరూ దాన్ని తొక్కలేదు.

నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను. మీ గురించి విన్నాననీ, అందుకే ఇటువైపు నుంచి పిలుస్తున్నాననీ అన్నాను. ఆవిడ తిరిగి చూసింది.

"పెరటి గుమ్మాన పిలిచింది నేనమ్మా. నాకు వేరే దారి లేక. నీకేం, వీధి మూసేశారా?"

మైకులో అందర్నీ రమ్మన్నారు కదండీ, అని నసిగాను.

"అందర్నీ అంటే అందులో నేనున్నానో లేదో నాకెలా తెలుస్తుంది?" అంది ఆవిడ. "ఎదురింటికొచ్చారు. పక్కింటికొచ్చారు. వాళ్ళ నవ్వులు వినపడ్డాయి. పిలవని పేరంటానికి ఈ వయసులో వెళ్ళమంటావా?"

ఎన్ని మాటలతో ఆడుకున్నానో, ఒక్కటీ ఆదుకోలేదు. వచ్చిన దారినే వెనక్కి నడిచాను. అరటి మొక్కలు, సందు, మలుపు దాటి వీధిలోకి వచ్చి, ఆ ముగ్గు ముందు నిలబడ్డాను. చేతిలో కుంకుమ లేదు. నాకున్నదల్లా గొంతు. చివరి బెంచీ పిల్లల్ని లేపే గొంతది. విశ్వనాథ్‌గారు కూడా "వీధిలోకి వినపడుతోందే" అని విసుక్కునేవారు. వీధిలోకి వినపడాలనే పిలిచాను.

"అచ్చాయమ్మగారూ! మా సభకి మీరు తప్పకుండా రావాలండీ!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పక్కింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడ లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, గడప దాటి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

సభలో ఆవిడ మాట్లాడింది అయిదు నిమిషాలే. చూలాలి పేరు పెద్దింట్లమ్మ అని చెప్పింది. ఆ పేరు శృతి అమ్మమ్మకి కూడా గుర్తు లేదు. పదకొండుసార్ల సంగతి అడిగితే, "నేను రేవు అన్నాను. వాళ్ళు రేపు అన్నారు. అంతే" అని కూర్చుంది. జీవితమంతా శ్లేషలు చేసిన నేను, అలాంటిది ఒక్కటీ చెయ్యలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరుసలోంచి ఒక ముసలావిడ లేచి, ఆ కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్ళలో తనూ ఒకతెనని చెప్పి, బొటనవేలు చూపించింది. మిగతావాళ్ళు గుమ్మం వైపు చూస్తున్నారు, చీరల మూటల కోసం.

ఇక దాచడం పాపం అనిపించింది. మైకు తీసుకుని అంతా చెప్పేశాను. ఇది చీరల షాపు కాదు, చరిత్ర వర్క్‌షాపు. సత్తిరాజు సరిగ్గానే చెప్పాడు, గాలి చెడగొట్టింది. పొద్దున్నే తెలిసీ చెప్పనిది నేను. అచ్చాయమ్మగారు ఆలస్యంగా వచ్చారనుకోవద్దు, మనమే ఆలస్యంగా పిలిచాం. బొట్టు పెట్టలేని చోట పిలుపే మానేశాం. "చీరలు లేవు, చిరిగిన చరిత్రే ఉంది, కుట్టుకుందామని వచ్చాం" అన్నాను. అలవాటుకొద్దీ ఆగాను. ఎవరూ నవ్వలేదు. ఇరవై మంది దాకా పర్సులు సర్దుకుని లేచారు.

అప్పుడు అచ్చాయమ్మగారు ప్రసన్నకుమారి మోచెయ్యి పట్టుకుని లాగింది. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"చీరలు లేవా?"

"లేవండి పిన్నిగారూ."

"మాటలయ్యాక చీరలనే అనుకున్నానే. కొనడానిక్కాదు. రంగుచీరలు నలుగురి మధ్యా కూర్చుని చూసి ఎన్నాళ్ళయిందో, చూద్దామని."

లేచినవాళ్ళు లేచినచోటే ఆగారు. ప్రసన్నకుమారి ఆవిడ పక్కన కింద కూర్చుని, ఆవిడకి సరిగ్గా వినపడాలని మైకు దగ్గరికి లాక్కుని, మొదట్నుంచీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. "అది కాదండీ పిన్నిగారూ, సత్తిరాజేమో చరిత్ర అన్నాడు..."